చదరంగపు గడుల సంఖ్య: దాని గణితలక్షణములు

మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెనిఁగించిన పావులూరి మల్లన పేరఁ బ్రచారమునందున్న చంపకమాల యొకటి కలదు. చదరంగపు బల్లయందలి యఱువదినాలుగు గడులలో మొదటి గడియం దొకటి, రెండవదానియందు రెండు, మూఁడవదానియందు నాలుగు, ఈ తీరున గడిగడికిని రెట్టించుచుఁ బోయినచో నన్నిటియందును గలిసి యెంత యగునో యా పద్యము చెప్పును. చెప్పుట యంకెలతోఁ గాక భూతసంఖ్యలతో జరిగినది. చంద్రుఁడన నొకటి, అగ్నులన మూఁడు, వేదములన నాలుగు, బాణములన నైదు, కొండలన నేడు. ఇట్టి మాట లిరువది పద్యమున నున్నవి. మొదటి మాట యేకస్థానమునకుఁ జెందఁగాఁ దక్కినవి వరుసగా నెడమకు నడచును. అట్లు వ్రాసికొన్నచో వచ్చు సంఖ్య యిది:

18446744073709551615

ఈ పద్యము నోటికి వచ్చిన పండితులు పెక్కురు. సంఖ్యను స్వయముగాఁ గట్టి చూచినవారు కొలఁదిమంది. కట్టి చూచుట వట్టి కుతూహలమునకు మాత్రమే కాదు. పద్యముయొక్క పాఠమును, అర్థమును నిర్ణయించుటకే యది యావశ్యకము. ఏలయన భూతసంఖ్యలయందు మాట కొకటే విలువ యను నియమము లేదు. రంధ్రమన దేహమందలి నవద్వారములనుబట్టి తొమ్మిది. కాని రంధ్రమన బెజ్జము, బెజ్జమన బయలు, బయలన సున్న యని యూహించువానికి నడ్డు చెప్పుట యెట్లు? సముద్రములు నాలుగని లెక్కించుట గణితగ్రంథముల మర్యాద. పురాణములలో నవి యేడు. ఈ పద్యమున రంధ్రశబ్ద మొకచోటను, సముద్రవాచకములు రెండుచోట్లను నున్నవి. కోశము రెండర్థములను జూపి యూరకుండును. వ్యాకరణము శబ్దముయొక్క సాధుత్వమును జెప్పునే కాని, నాలుగా యేడా యను ప్రశ్న దాని యధికారములోనిది కాదు.

ఛందస్సు కొంత కాపుదల యిచ్చును గాని యదియు నసంపూర్ణమే. రెండు లఘువుల మాటయైన 'గిరి'కి మాఱుగా రెండు లఘువులదే యైన 'శశి' యని వ్రాయసకాఁడు వ్రాసెననుకొందము. గణము చెడదు. యతిప్రాసల స్థానము కానిచోట నే దోషమును బయటఁబడదు. పద్యమును హాయిగాఁ జదువవచ్చును. సంఖ్యమాత్ర మాఱుకోట్ల కోట్లు తగ్గిపోవును! ఇట్టి తావునఁ బద్యమును గాపాడఁగలది గణిత మొక్కటియే.

ఛందశ్శాస్త్రము చదివినవారికి నీ సంఖ్యను సాధించు మార్గము క్రొత్త కాదు. అఱువదిమూఁడు రెట్టింపులు చేయ నక్కఱలేదు. పింగళుఁడు ఛందస్సూత్రముల కడపటి యధ్యాయమున వృత్తసంఖ్యను దెచ్చుట కొక యుపాయము చెప్పియున్నాఁడు. పాదాక్షరముల సంఖ్య సమమైనచో సగము చేయవలెను. బేసియైనచో నొకటి తీసివేయవలెను. సున్న వచ్చువఱకు నిట్లు దిగవలెను. మఱల నెక్కునపు డొకటి తీసిన తావున రెట్టింపును, సగము చేసిన తావున వర్గమును జేయవలెను. 64 నకు సగములు 32, 16, 8, 4, 2, 1. ఒకటి తీసివేయఁగా సున్న. ఇఁక నెక్కుట: ఒకటిని రెట్టింపఁగా 2, దాని వర్గము 4, ఆపైని 16, 256, 65536, 4294967296, ఆఱవ వర్గము 18446744073709551616. ఒక రెట్టింపు, ఆఱు వర్గములు. ఏడు మెట్లలోఁ బని ముగిసినది. కడపటి వర్గ మొక్కటియే కొంత శ్రమ. పదియంకెల సంఖ్యను దానితోనే గుణింపవలెను.

వచ్చిన సంఖ్య యఱువదినాలు గక్షరముల పాదముగల సమవృత్తములసంఖ్య. అనఁగా బల్లకు 65వ గడి యున్నచో దానియం దుండఁదగిన సంఖ్య. అఱువదినాలుగు గడుల మొత్తము దీనికంటె నొకటి తక్కువ. ఏలయన మొదటి రెండు గడుల మొత్తము 3, మూఁడవ గడియందలి 4 కంటె నొకటి తక్కువ. మూఁడు గడుల మొత్తము 7, నాలుగవదానియందలి 8 కంటె నొకటి తక్కువ. ఒక గడి చేరినపుడు రెండు ప్రక్కలును సమముగాఁ బెరుఁగుటచే నీ భేదము తుదివఱకు నట్లే యుండును. పింగళుఁడును వృత్తముల మొత్తమునుగూర్చి యిట్టి యుక్తినే చెప్పెను: ఏకాక్షరపాదము మొదలు ఒకానొక ఛందస్సువఱకుఁ గల వృత్తములన్నియు, ఆ ఛందస్సు వృత్తసంఖ్యను రెట్టించి రెండు తీసివేసినంత. ఉక్త మొదలు ఉత్కృతివఱకు నిరువదియాఱు ఛందస్సులకు సమవృత్తములు 13,42,17,726 అగుట యీ లెక్కచొప్పుననే. అచ్చట మొదటి పదము రెండగుటచే రెండు తీయవలసివచ్చెను. చదరంగమున మొదటి పద మొకటి యగుటచే నొకటి.

గుణకారమున కోపిక లేనివారికి రెండు చిన్న పరీక్షలు చాలవఱకు సరిపోవును. మొదటిది తొమ్మిదుల పరీక్ష. రెండవ యార్యభటుని మహాసిద్ధాంతమునం దిది కలదు. సంఖ్యయందలి యంకెలను గూడి, వచ్చినదాని యంకెలను మఱలఁ గూడి, యొక్క యంకె మిగులువఱకుఁ జేసినచో నా సంఖ్యను తొమ్మిదింటఁ బంచిన శేషము తెలియును (తొమ్మిది మిగిలినచో శేషము సున్న). ఈ సంఖ్యయొక్క యంకెల మొత్తము 87. 8, 7 కలిసి 15. 1, 5 కలిసి 6. ఆఱు రావలెనా? రెంటి ఘాతములను తొమ్మిదింటఁ బంచినచో శేషములు 2, 4, 8, 7, 5, 1 అని యాఱేసి చొప్పునఁ దిరుగుచుండును. 64 లోఁ బదిమాఱు లాఱు పోఁగా మిగిలినది నాలుగు; వరుసలో నాలుగవ శేషము 7; ఒకటి తీయఁగా 6. సరిపోయినది. 'గిరి'కి మాఱు 'శశి' వ్రాసినచో మొత్తము 81 అయి శేషము సున్న యగును, తప్పు పట్టువడును. సముద్రములలో నొకదానిని నేడని కొన్నచో మొత్తము 90, రెంటిని నట్లు కొన్నచో 93; ఎట్లును శేషము ఆఱు కాదు. కావున నీ పద్యమున సముద్రములు నాలుగే. పురాణము లిచ్చటఁ బ్రమాణము కావు.

రంధ్రమునొద్ద నీ పరీక్ష మూగవోవును. తొమ్మిదియైనను సున్నయైనను తొమ్మిదింటి శేషము మాఱదు. సరిగా సందేహమున్నచోటనే సాధన మక్కఱకు రాకపోయెను! అచ్చటఁ బదునొకండ్ల పరీక్ష కావలెను. ఏ సంఖ్యచేనైనను నిట్టి శేషపరీక్ష చేయవచ్చునని నారాయణపండితుఁడు 1356 నాఁటి గణితకౌముదియందుఁ జెప్పియున్నాఁడు. పదునొకంటికి విధి యిది: కుడినుండి బేసిస్థానముల యంకెలను వేఱుగాను, సమస్థానముల యంకెలను వేఱుగాను గూడి, మొదటిదానినుండి రెండవదానిని దీసివేయవలెను. ఈ సంఖ్యకు బేసిస్థానముల మొత్తము 62, సమస్థానముల మొత్తము 25, భేదము 37. పదునొకంటఁ బంచఁగా శేషము 4. రెంటి ఘాతముల శేషములు పదునొకంటియెడఁ బదేసి చొప్పునఁ దిరుగును. 64 లోఁ బదులు పోఁగా మిగిలినది నాలుగు. నాలుగవ ఘాతము 16, దాని శేషము 5. ఒకటి తీయఁగా 4. సరి. రంధ్రశబ్దము కుడినుండి యేడవస్థానమున, అనఁగా బేసిస్థానమున, నున్నది. దానిని సున్నగాఁ గొన్నచో 62 నకు మాఱు 53 అగును. భేదము 28, శేషము 6. కనుక రంధ్రము తొమ్మిదియే. కోశము విడిచిన ముడిని భాగహారము విప్పినది.

విలువలు వేఱైన ప్రక్కప్రక్క మాటలు రెండు తాఱుమాఱైనచోఁ దొమ్మిదుల పరీక్ష కనిపెట్టఁజాలదు, పదునొకండ్ల పరీక్ష కనిపెట్టును. ఒక మాట నడుమ విడిచి, దాని కిరుప్రక్కలనున్న మాటలు తాఱుమాఱైనచో మాత్రము రెండును జూడనేరవు. అప్పుడు సంఖ్య తొంబదితొమ్మిదింటి గుణిజముచేతనే మాఱును. అట్టి సందేహము కలిగెనేని పింగళుని వర్గములే శరణ్యము. చివరి రెండంకెలకు వేఱొక నియమము కలదు. వర్గములను 16 మొదలు చూచినచో వాని తుదల 16, 56, 36, 96 వరుసగా వచ్చి మఱల 16 వచ్చును. అందుచే నీ మొత్తము 15 తో ముగియవలెను. పద్యపు మొదటి రెండు మాటలును నైదు నొకటియే.

సంఖ్య యెంత పెద్దదో యూహించుట కష్టము. లీలావతియందు భాస్కరుఁడు చెప్పిన స్థానములు పదునెనిమిది. తుది పేరు పరార్ధము. ఈ సంఖ్యకు స్థానము లిరువది యగుటచే నది పరార్ధములు నూటయెనుబదినాలుగింటికి మించినది. మహావీరుఁ డిరువదినాలుగు స్థానములకుఁ బేళ్లు పెట్టెను. వానిలో నిరువదవది మహాశంఖము. కనుక మహావీరుని సంప్రదాయము నెఱిఁగినవాని కీ సంఖ్యను జదువుటకుఁ బేళ్లు కఱవు కాలేదు. సెకనున కొక్క గింజ చొప్పున రేయుంబగళ్లు లెక్కించినచో 58 వేల కోట్ల యేండ్లు దాఁటును. కల్పము 432 కోట్ల యేండ్లు గావున, నిది నూటముప్పదియైదు కల్పములకుఁ బైమాట.

చదరంగమును గనిపెట్టినవాఁడు రాజునొద్ద నిన్ని గింజలు కోరెనను కథను ఇబ్న్ ఖల్లికాన్ 13వ శతాబ్దమున వ్రాసెను. అంతకు మున్నే, 1000 ప్రాంతమున, అల్ బీరూనీ యీ మొత్తమును దప్పులేక కట్టి చూపెను. కాశిలోని యొక దేవాలయమున నఱువదినాలుగు బంగారు బిళ్లలను బూజారు లొక కంబమునుండి మఱియొక కంబమునకు మార్చుచున్నారనియు, ఆ పని ముగియునప్పటికి లోకము ముగియుననియు మఱియొక కథ కలదు. ఆ మార్పుల సంఖ్యయు నిదియే. అయితే యది 1883 లో ఎడ్వర్డ్ లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుఁడు ప్రకటించిన యొక యాటచుట్టు నల్లఁబడిన కల్పన. కాశిలో నట్టి దేవాలయమును వెదకఁ బనిలేదు.

ఇఁక సంఖ్యయొక్క లోపలి కట్టడము. ఒకటియుఁ దానును దక్క మఱి యేసంఖ్యచేతను నిశ్శేషముగాఁ బంచఁబడని సంఖ్య అభాజ్యము. ఏ సంఖ్యయైనను నభాజ్యములలోనికి విడును, విడు తీరొక్కటియే. పెద్దసంఖ్యలను విడఁదీయుట సామాన్యముగా మిక్కిలి కష్టమైన పని. ఈ సంఖ్య మాత్రము తనంతఁ దానే విడివచ్చును. ఒక వర్గమునుండి యొకటి తీసినచో వచ్చునది, మూలమున కొకటి తక్కువైనదానిని మూలమున కొకటి యెక్కువైనదానితో గుణించినంత. అందుచే నిది 4294967295 ను 4294967297 తో గుణించినది. వానిలో మొదటిదియు నొక వర్గమున కొకటి తక్కువయే. అది 65535 ను 65537 తో గుణించినది. 65535 అన 255, 257 ల గుణనఫలము. 255 అన 15, 17 లది. 15 అన 3, 5 లది. పింగళుని మెట్లమీఁదుగా దిగుచున్నకొలఁది మెట్టుమెట్టున నొక గుణకము చేతికి వచ్చుచున్నది: 4294967297, 65537, 257, 17, 5, 3.

ఇవి యన్నియు రెంటిని మాటిమాటికి వర్గించి యొకటి కలుపఁగా వచ్చిన సంఖ్యలు. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640 ప్రాంతమున వీనిని బరిశీలించి, 3, 5, 17, 257, 65537 అభాజ్యములే గావునఁ దరువాతివియు నట్టివే యని తలఁచెను. మొదటి యైదింటిని జూచి యాఱవదానిని నిశ్చయించుట యెంతటివారికిఁ దగదో యీ సంఖ్యయే చాటినది. 1732 లో ఆయిలర్ 4294967297 అభాజ్యము కాదనియు, నది 641 ని 6700417 తో గుణించినదనియుఁ దెలిపెను. వెదకుటలో నాతఁడు గ్రుడ్డిగాఁ దడవికొనలేదు. ఈ సంఖ్యను బంచఁగల యభాజ్యము 64 యొక్క గుణిజమున కొకటి కలిపినదే కావలెను. అట్టి యభాజ్యములు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నమునకే ఫలము కనఁబడును.

641 దానిని బంచునని గుణకారము చేయకయే చూపవచ్చును. ఐదును 128 తో గుణించి యొకటి కలిపినచో 641. ఐదుయొక్క నాలుగవ ఘాతమగు 625 నకు 16 కలిపినను 641. ఇందు మొదటి రూపమునుబట్టి 640, భాజకమునకు సరిగా నొకటి తక్కువ. భాజకమున కొకటి తక్కువైనదాని సమఘాతములకు శేష మెల్లప్పుడు నొకటియే. కనుక 640 యొక్క నాలుగవ ఘాతమునకు శేష మొకటి. ఆ ఘాతము 625 ను రెంటి యిరువదియెనిమిదవ ఘాతముతో గుణించినదే. రెండవ రూపమునుబట్టి 641 చేఁ బంచునపుడు 625 నకు మాఱుగా ఋణమైన 16 ను గొనవచ్చును. 16 రెంటి నాలుగవ ఘాతము. ఇరువదియెనిమిదవదానితోఁ గూడి రెంటి ముప్పదిరెండవ ఘాతము ఋణముగా నేర్పడును. ఋణమైన యీ ఘాతమునకు శేష మొకటి యనఁగా, ధనమైన ఘాతమున కొకటి కలిపినది 641 చే నిశ్శేషముగాఁ బంచఁబడుననియే. ఆ కలిపినదే 4294967297. ఇంత చిన్న యుక్తితో నింత పెద్ద సంఖ్య లొంగుట ముచ్చటయైన విషయము. పై తరగతుల బాలురకు దీనిని బోధింపవచ్చును.

6700417 అభాజ్యము. కావున గడుల సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను నేడు వేర్వేఱభాజ్యముల గుణనఫలము. ఏదియు రెండుమాఱులు రాదు. దానిని నిశ్శేషముగాఁ బంచు సంఖ్య లెన్ని? ఏడింటిలోఁ బ్రతిదానిని గ్రహింపవచ్చును, విడువవచ్చును. అక్షరము గురువో లఘువో యైనట్లే. ఏడక్షరముల ఉష్ణిక్ఛందస్సున నెన్ని వృత్తములో యన్ని భాజకములు: 128. పింగళుఁ డిచ్చటను దోడువచ్చుచున్నాఁడు.

ఫెర్మా రూపమునఁ దెలిసిన యభాజ్యములు 3, 5, 17, 257, 65537 అను నైదే. నేఁటికిని నాఱవది దొరకలేదు. రూళ్లకఱ్ఱయు వృత్తలేఖినియు మాత్రము గొని గీయఁదగిన సమబహుభుజులతో వీనికి సంబంధము కలదు. 1796 లో గౌసు పదునేడు భుజముల క్షేత్రము నట్లు గీయవచ్చునని కనుఁగొనెను. 1801 నాఁటి తన గ్రంథమున దీని సామాన్యనియమమును బ్రకటించెను. ఆ నియమము దాఁటి వేఱు క్షేత్రములు సాధ్యములు కావని 1837 లో వాంజెల్ నిరూపించెను. బేసిసంఖ్య భుజములుగల క్షేత్రమునకు భుజములసంఖ్య ఇట్టి యభాజ్యములలో నొకటి గాని, వానిలో వేర్వేఱువాని గుణనఫలము గాని కావలెను. తెలిసిన యైదింటిని గుణింపఁగా వచ్చు గరిష్ఠసంఖ్య 4294967295. ఇది చదరంగపు బల్లలో సగమున, ముప్పదిరెండు గడుల, మొత్తము.

కడపట ఛందస్సునకే తిరిగి వచ్చి చూడఁదగినది యొకటి కలదు. ఒక వృత్తము తన ఛందస్సులో నెన్నవదో చెప్పుటకు ఉద్దిష్టమను ప్రత్యయ మున్నది. పాదాక్షరములమీఁద 1, 2, 4, 8 అని రెట్టించుచు నంకెలు వేసి, లఘువులమీఁది యంకెలను గూడి, యొకటి కలుపవలెను. ఆ యంకెలే చదరంగపు గడులలోని గింజలు. ఒకటి మొదలు 18446744073709551615 వఱకు నే సంఖ్యనైనను గొన్ని గడుల గింజలను గలిపి తేవచ్చును. తెచ్చు మార్గ మొక్కటియే. ఆ మార్గమును వెదకుటయే నష్టము. గడుల సంఖ్యను జెప్పిన పద్యము చంపకమాల గదా! దాని న జ భ జ జ జ ర గణములను బల్లపై మొదటి యిరువదియొక్క గడులలోఁ బఱచినచో లఘువులు 1, 2, 3, 4, 6, 8, 9, 10, 12, 13, 15, 16, 18, 20 గడులలోఁ బడును. వాని మొత్తము 711599. ఒకటి కలుపఁగా 711600. ప్రకృతిచ్ఛందస్సునందలి 20,97,152 వృత్తములలోఁ జంపకమాల స్థాన మిదియే.

ఉత్పలమాల కృతిచ్ఛందస్సున 355799 వది. రెట్టించి రెండు కలిపినచోఁ జంపకమాల సంఖ్య వచ్చును. ఇది కాకతాళీయము కాదు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగాఁ జీల్చినదే చంపకమాల. తక్కిన యక్షరము లన్నియు నొక్కొక్క గడి ముందునకు జరుగుటచే వాని గింజలు రెట్టింపగును, క్రొత్త లఘువులు రెండును మూఁడు గింజలు తెచ్చును. ఉద్దిష్టమునఁ గలుపు నొకటిని లెక్కించుకొన్నచో భేదము రెండు. శార్దూలమత్తేభములకును నీ బాంధవ్యమే: 149337, 298676. అచ్చుతప్పులు చొరఁబడిన వృత్తసంఖ్యల పట్టికలను జక్కఁబెట్టుట కీ నియమ మొక్కటి చాల నుపకరించును.

అఱువదినాలుగు లఘువుల పాదమును గవు లెవ్వరును వ్రాయకపోయినను లెక్కకు నభ్యంతరము లేదు. దానిని బల్లపైఁ బఱచినచో విడువఁబడు గడి యొక్కటియు నుండదు. గింజలన్నియుఁ గూడి పద్యము చెప్పిన సంఖ్యయే వచ్చును. ఉద్దిష్టవిధిచొప్పున నొకటి కలుపఁగా నా ప్రస్తారమునఁ గడపటి వృత్తముయొక్క సంఖ్య యగును.